హైదరాబాద్ కామిక్ కాన్ మొదటి రోజుకు ఓరుగల్లు నుంచి పోయెటోళ్లకు: తరచుగా అడిగే ప్రశ్నలు

కామిక్ కాన్ డేట్లు రాంగనే నాకు మెసేజ్‌లు మొదలైతయ్. అన్నా టికెట్ ఎట్ల, ఏ బస్సు ఎక్కాలె, కామిక్ పాత్రల డ్రెస్ వేసుకుని వస్తే బస్సుల ఎక్కనిస్తరా, మా అమ్మ ఒప్పుకుంటలేదు ఏం చెప్పాలె అని. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పుడు కంటే అన్నీ ఒక్క కాడ రాస్తే అందరికి పనికొస్తదని రాస్తున్న. నేను ఉండేది హన్మకొండల, చిన్నప్పటిసంది బొమ్మల పుస్తకాల పిచ్చి. ఇదంతా మొదటి రోజు గురించే, అంటే శుక్రవారం గురించి.

అసలు కామిక్ కాన్ అంటే ఏంది? జాతర లెక్కనా, ఎగ్జిబిషన్ లెక్కనా?

రెండూ. కామిక్స్ గీసెటోళ్లు, రాసెటోళ్లు, అచ్చేసెటోళ్లు, చదివెటోళ్లు అందరు ఒక్క కాడ కలిసే పండుగ. ఇది అమెరికాల శాన్ డియాగోల 1970ల చిన్నగ మొదలైంది, జపాన్ల ఇట్లాంటిదే కామికెట్ అనే పండుగ 1975ల వచ్చింది. మన దేశంల మొదటి కామిక్ కాన్ 2011 ఫిబ్రవరిల ఢిల్లీ హాట్ల పెట్టిన్రు, హైదరాబాద్‌కు 2013ల వచ్చింది. ఇప్పుడు మాదాపూర్ పక్కన హైటెక్స్ ఎగ్జిబిషన్ సెంటర్ల మూడు రోజులు జరుగుతది, శుక్ర శని ఆదివారాలు. 2024ల నవంబర్ 15 నుంచి 17 దాంక అయింది. నెల ఏటేటా మారుతది కాబట్టి పోయినేడు డేట్లు చూసి లీవ్ పెట్టుకోకుండ్రి, ఈ ఏడు డేట్లు చూసే పెట్టుకోండ్రి.

అందరు శనివారం పోతరు కదా, నువ్వెందుకు శుక్రవారమే పొమ్మంటవ్?

దీనికి జర ఎక్కువ చెప్తా, ఎందుకంటే నేను ఈ పేజీ రాస్తున్నదే దీని కోసం.

శని ఆదివారాలు జనం మామూలుగ ఉండరు, స్టాల్ ముందర నిలబడి పుస్తకం చేతిల పట్టుకునేలోపే వెనక నుంచి తోపులాట. గీసిన మనిషి ఆడనే కూసొని ఉంటడు గానీ ఆయనతోని రెండు మాటలు మాట్లాడే సందు దొరకది. శుక్రవారం అట్ల కాదు. ఆఫీసులు, కాలేజీలు ఉంటయ్ కాబట్టి మధ్యాహ్నం దాంక కొంచెం పల్చగ ఉంటది, ఆర్టిస్టులు కూడా అప్పుడే వచ్చి కొత్త ఉషారుల ఉంటరు, గొంతు పోయి ఉండది, చెయ్యి నొప్పి ఉండది. పుస్తకం తిరగేస్తా అంటే తిరగేయ్ అంటరు, ఈ పేజీ ఎట్ల గీసిన్రు అని అడిగితే పెన్ను తీసి చూపిస్తరు. స్కెచ్ గీయించుకోవాలె అనుకునెటోళ్లు మొదటి రోజు పొద్దుగాలనే చెప్పుకోవాలె, ఆదివారం వరకు లిస్టు నిండిపోతది, తర్వాత మీరెంత బతిమిలాడినా వాళ్లకు చెయ్యాలని ఉన్నా చెయ్యలేరు.

ఇంకోటి, స్టాక్. తక్కువ ప్రింట్లు వేసుకొచ్చిన పోస్టర్లు, సంతకం చేసిన కాపీలు మొదటి రోజే లేస్తయ్. టీషర్టు సైజులు కూడా అంతే, ఆదివారం పోతే ఉంటే చిన్నది లేకుంటే డేరా అంత పెద్దది.

నష్టాలు కూడా చెప్పాలె. శుక్రవారం పొద్దున కొన్ని స్టాల్స్ ఇంక సర్దుకుంటనే ఉంటయ్, డబ్బాలు విప్పుతుంటరు. స్టేజీ మీద పెద్ద పెద్ద ప్రోగ్రాంలు, కాస్ప్లే (కామిక్ పాత్రల లెక్క డ్రెస్ వేసుకునుడు) జోరు శని ఆదివారాలే ఎక్కువ. రేట్లు తగ్గించుడు కూడా ఆఖరి రోజు సాయంత్రమే ఉంటది. మీకు కాస్ప్లే చూసుడు, ఫోటోలు దిగుడే ముఖ్యం అనుకుంటే శనివారమే పోండ్రి. పుస్తకాలు, గీసెటోళ్లు ముఖ్యం అనుకుంటే మాత్రం శుక్రవారాన్ని మించింది లేదు.

టికెట్ ఆడ దొరుకుతదా, ముందే తీసుకోవాలెనా?

ముందే ఆన్‌లైన్‌ల తీసుకోండ్రి, కామిక్ కాన్ ఇండియా వాళ్ల సైట్‌ల పెట్టిన లింక్ నుంచే తీసుకోండ్రి. ఎవరో తెలియనోళ్లు మెసేజ్ పెట్టి తక్కువకు ఇస్తా అంటే అస్సలు తీసుకోకుండ్రి, మా దోస్తుకు అట్ల ఒకసారి పాత క్యూఆర్ కోడ్ అంటగట్టిన్రు, గేటు కాడ దాంక పోయి వెనక్కి తిరిగి రావాల్సి వచ్చింది పాపం. ఏ రోజు టికెట్ ఆ రోజుకే పనిచేస్తది, కాబట్టి బుక్ చేసేటప్పుడు శుక్రవారమే పడ్డదా లేదా అని ఒకటికి రెండుసార్లు చూసుకోండ్రి. కొన్నేండ్ల నుంచి టికెట్‌తోని ఒక కామిక్, ఒక పోస్టర్ ఇస్తున్నరు. అది ఇచ్చే కౌంటర్ లోపటికి పోంగనే చూసుకుని తీసేసుకోండ్రి, సాయంత్రానికి ఉంచుకుంటే ఆగమైతరు.

వరంగల్ నుంచి హైటెక్స్ దాంక అన్నిటికన్నా సుల్వైన దారి ఏది?

నా మటుకు బస్సు, మెట్రో. హన్మకొండ బస్టాండ్ల హైదరాబాద్ బస్సు ఎక్కుండ్రి, కాజీపేట, స్టేషన్ ఘన్‌పూర్, జనగామ, ఆలేరు, భువనగిరి, ఘట్‌కేసర్ మీదికెళ్లి ఉప్పల్ వస్తది. అందరు చేసే తప్పు ఏందంటే జేబీఎస్ దాంకనో ఎంజీబీఎస్ దాంకనో బస్సులనే కూసుంటరు, ట్రాఫిక్‌ల గంట పోతది. ఉప్పల్ల దిగుండ్రి. ఉప్పల్ మెట్రో బ్లూ లైన్ మీద ఉంటది, నాగోల్ నుంచి రాయదుర్గం పోయే లైన్ అది, అమీర్‌పేట్ల కూడా బండి మారే పనే లేదు, కూసుంటే సీదా హైటెక్ సిటీ స్టేషన్. ఆడ దిగి ఆటో మాట్లాడుకోండ్రి, హైటెక్స్ కమాన్ అంటే అందరికి తెలుసు. కమాన్ నుంచి హాల్ దాంక కూడా మంచిగనే నడవాలె కాబట్టి కొత్త చెప్పులు, హీల్స్ వేసుకొని రాకుండ్రి.

టైం సంగతి. గేట్లు మామూలుగ పొద్దున 11కు తెరుస్తరు, రాత్రి 8 దాంక ఉంటది. బస్సుకు ఉప్పల్ దాంక మూడు గంటలు, మెట్రోకు సుమారు గంట, ఆటో, లైను అన్నీ కలిపితే హన్మకొండల ఆరు లోపే బస్సుల ఉండాలె. చలికాలంల జనగామ దాటినంక మంచు దట్టంగ ఉంటది, బస్సు నెమ్మదిగ పోతది, అది కూడా లెక్కేసుకోండ్రి.

ఆడోళ్లకు, అమ్మాయిలకు ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సులు ఫ్రీ, మహాలక్ష్మి స్కీం 2023 డిసెంబర్ 9 నుంచి ఉన్నది కదా, ఆధార్ కార్డు మర్చిపోవద్దు. సూపర్ లగ్జరీ ఎక్కితే మాత్రం టికెట్ పడ్తది.

రైలుకే పోతా అంటే సికింద్రాబాద్ల దిగి సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో స్టేషన్ దాంక నడిచి అదే బ్లూ లైన్ ఎక్కొచ్చు. కానీ శాతవాహన ఎక్స్‌ప్రెస్‌కు పోతే గేటు తెరిచే టైంకు అందుకోరు, ముందల పోయే బండి చూసుకోవాలె.

మాది కరీంనగర్ / మంచిర్యాల. మరి మేమెట్ల పోవాలె?

కరీంనగర్ వాళ్లు రాజీవ్ రహదారి మీద సిద్దిపేట మీదికెళ్లి జేబీఎస్ వస్తరు, ఆడనే పరేడ్ గ్రౌండ్ మెట్రోల బ్లూ లైన్ ఎక్కుండ్రి. కాగజ్‌నగర్, మంచిర్యాల, రామగుండం, పెద్దపల్లి, జమ్మికుంట దిక్కు వాళ్లకు భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది. లేకుంటే ముందు రోజు రాత్రే వచ్చి చుట్టాల ఇంట్ల పండుకోండ్రి, అది ఇంక నయం.

కాస్ప్లే డ్రెస్ వేసుకొని బస్సుల రావచ్చా?

రావచ్చు, ఎవరు ఏమనరు, కానీ నేను రావద్దనే చెప్తా. మూడు గంటలు ఆర్మర్ వేసుకొని సీట్ల కూసుంటే భుజాల కాడ విరుగుతది, ముఖానికి పెట్టుకున్న రంగు చెమటకు కారుతది. ఒకసారి మేము ఒక ప్రైవేట్ బస్సుల పోతే నా రెక్కలను, అవును రెక్కలనే, డిక్కీల సూట్‌కేసుల కింద పెట్టిన్రు, దిగి చూస్తే ఒక పక్కది మధ్యలకు మడత పడి ఉంది. ఆ రోజంతా సెల్లో టేప్‌తోని తిరిగిన. అప్పటిసంది ఏది చేసినా ముక్కలు ముక్కలుగ చేస్త, వెల్‌క్రో పెట్టి ఆడ పోయినంక అతికించుకుంట. ప్రతి ముక్కా స్కూల్ బ్యాగ్‌లనో, మీ అమ్మ చీరలు పెట్టుకునే పెద్ద సంచిలనో పట్టాలె, గదే కొలత.

మెట్రోల స్కానింగ్ ఉంటది కదా, కత్తి ఆకారం కనిపిస్తే ఆపి అడుగుతరు. ఫోన్ల మీ కాస్ట్యూమ్ ఫోటో పెట్టుకోండ్రి, బ్యాగ్ తెరిచి ఇది స్పాంజి అని నొక్కి చూపించుండ్రి, మర్యాదగ చెప్పుండ్రి. కత్తిని రెండు ముక్కలు చేసి తెస్తే అసలు ఆ లొల్లే ఉండది.

పైసలు ఎక్కువ పెట్టకుండ ఇంట్లనే కాస్ట్యూమ్ ఎట్ల చెయ్యాలె?

ఫోమ్ షీట్లు. పాత యోగా మ్యాట్ ఉన్నా నడుస్తది. ముందుగాల మీ ఒంటికి పాత న్యూస్‌పేపర్ చుట్టి, దాని మీద గీసి కత్తిరించి చూసుకోండ్రి, కాగితం సరిగ్గ వచ్చినంకనే ఫోమ్ మీద చెయ్యి పెట్టాలె. ఫోమ్‌కు వేడి తగిలిస్తే మెత్తబడి వంగుతది, ఆ వేడి మీదనే మోకాలి మీదనో గిన్నె మీదనో ఒత్తి పట్టుకొని చల్లారేదాంక వదలకుంటే ఆ వంపు అట్లనే ఉండిపోతది. హీట్ గన్ లేకుంటే ఇస్త్రీపెట్టె దగ్గరగ పెట్టి చెయ్యొచ్చు గానీ అంటించొద్దు.

అతికించుడుల అందరు తొందరపడ్తరు. రబ్బరు జిగురు, ఫెవిబాండ్ లాంటిది, రెండు ముక్కలకూ రాయాలె, రాసి వెంటనే అతికించొద్దు, ఐదు పది నిమిషాలు ఆగాలె. వేలు పెడితే తడి అంటకుండ జిగట మాత్రం తెలిసేటప్పుడు రెండు అంచులు కలిపి గట్టిగ ఒత్తితే ఇగ ఊడది. వాసన ఘాటు ఉంటది కాబట్టి మిద్దె మీద కూసొని చేసుకోండ్రి. రంగు వేసే ముందు ఫెవికాల్‌ల కొంచెం నీళ్లు కలిపి రెండు మూడు పూతలు వెయ్యండ్రి, లేకుంటే ఫోమ్ రంగును పీల్చేస్తది, ఎండినంక పగుళ్లు కూడా వస్తయ్.

పోటీల పాల్గొనాలంటే ఆడ కాస్ప్లే కౌంటర్‌ల పేరు రాయించుకోవాలె, లోపటికి పోంగనే ముందు ఆ పని చెయ్యండ్రి. నిజం కత్తులు, ఇనుము, పదును ఉన్నది ఏది తీసుకపోవద్దు, గేటు కాడ పెట్టించేస్తరు.

లోపటికి పోయినంక ముందు ఎటు పోవాలె?

పెద్ద పెద్ద కంపెనీల స్టాల్స్, గేమింగ్ లైట్లు, బొమ్మల దుకాణాలు ముందల కనిపిస్తయ్, వాటి దిక్కు ఇప్పుడే పోకుండ్రి, అవి రాత్రి దాంక ఆడనే ఉంటయ్. సీదా ఆర్టిస్టుల టేబుళ్ల దిక్కు నడవండ్రి. ఒక రౌండ్ ఏం కొనకుండ తిరుగుండ్రి, ఎవరెవరు ఏం గీస్తున్నరు, ఎవరి గీత మీకు నచ్చింది చూసుకోండ్రి, రెండో రౌండ్ల కొనుక్కోండ్రి. అమర్ చిత్ర కథ వాళ్లది, యాలీ డ్రీమ్ క్రియేషన్స్, హోలీ కౌ లాంటి మన దేశపోళ్లవి చూడండ్రి, అమెరికా కామిక్స్ ఆన్‌లైన్‌ల ఎప్పుడంటే అప్పుడు దొరుకుతయ్ గానీ వీళ్లను గీసినోళ్ల చేతి నుంచే తీసుకునే మోక ఏడాదికొక్కసారే.

ఎంత పైసలు పట్టుకపోవాలె?

అది మీ ఇష్టం గానీ, ఇంటి కాడనే ఒక అంకె అనుకొని ఆ అంకెల సగం పుస్తకాలకు పక్కన పెట్టండ్రి. లేకుంటే కీచైన్లు, స్టిక్కర్లకే అయిపోతయ్. జనం పెరిగినంక లోపట నెట్ సరిగ్గ రాదు, ఫోన్‌పే తిరుగుతనే ఉంటది, కాబట్టి కొంత నోట్లు దగ్గర పెట్టుకోండ్రి, వందలు, యాభైలు.

తెలుగుల కామిక్స్ దొరుకుతయా?

నా గుండెల ఉన్న ప్రశ్న ఇది. దొరుకుడు తక్కువ. టేబుళ్ల మీద ఎక్కువ ఇంగ్లీషే, కొన్ని హిందీల ఉంటయ్. హైదరాబాద్ల జరిగే పండుగల తెలుగు పుస్తకం వెతుక్కోవాల్సి రావుడు నాకు ప్రతీసారి బాధనిపిస్తది.

ఎందుకంటే బొమ్మల కథ మనకు కొత్తది కాదు. చందమామ 1947 జూలైల మొదలైంది, దాంట్ల శంకర్ గారు గీసిన విక్రమార్కుడు, భుజం మీద బేతాళుడు, ఆ బొమ్మ మన నాయినలకు, తాతలకు ఇప్పటికీ కండ్లల్ల ఉంటది. దానికన్నా చానా ముందే మన చేర్యాల పటం ఉంది. జనగామ నుంచి సిద్దిపేట రోడ్డు మీద పోతే చేర్యాల వస్తది, 2016 దాంక మన వరంగల్ జిల్లానే అది. బట్టకు చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించి, ఎర్రటి నేల మీద నకాషోళ్లు బొమ్మలు గీస్తరు, గదులు గదులుగ, ఒక గది కింద ఇంకో గది. కథ చెప్పెటోళ్లు ఊరూరు తిరిగి రాత్రి పూట ఆ పటాన్ని కొంచెం కొంచెం విప్పుకుంట కథ చెప్పెటోళ్లు. పద్మశాలోళ్ల మార్కండేయ పురాణం అట్లనే చెప్పెటోళ్లు కూనపులోళ్లు. ఒక గది అయిపోయినంకనే తర్వాతి గది కనిపిస్తది, ముందట ఏమైతదో అని జనం మెడలు చాపి చూస్తరు. కామిక్‌ల పేజీ తిప్పుడు అంటే గదే కదా.

అందుకని నాదొక్కటే రిక్వెస్ట్. శుక్రవారం మాట్లాడే టైం ఉంటది కాబట్టి మీకు నచ్చిన ప్రతి టేబుల్ కాడ నిలబడి, ఇది తెలుగుల వస్తదా అని అడుగుండ్రి. లేదు అంటరు, పర్వాలేదు, అడుగుండ్రి. ఒక పబ్లిషర్ నాతోని సీదా చెప్పిండు, హైదరాబాద్ల మమ్మల్ని తెలుగు పుస్తకం అడిగినోళ్లే లేరు, ఎవరి కోసం వెయ్యాలె అని. ఒక రోజు యాభై మంది అడిగితే ఆ మాట అనలేడు.

అమ్మాయిలకు సేఫేనా? ఫోటోలు తీసెటోళ్ల సంగతేంది?

లోపట సెక్యూరిటీ ఉంటది, శుక్రవారం రద్దీ తక్కువ కాబట్టి ఇంక నయం. మా చెల్లె, దాని దోస్తులు ముగ్గురు కలిసి పోతరు. కాస్ప్లే చేసినోళ్లను ఫోటో తీయాలంటే అడిగి తీయాలె, మీద చెయ్యి వెయ్యొద్దు, డ్రెస్ ముట్టుకోవద్దు. ఎవరన్నా వద్దన్నా వినకుండ తీస్తుంటే వాలంటీర్‌కు చెప్పుండ్రి, సిగ్గుపడకుండ్రి.

తిండి?

బయటి తిండి లోపటికి రానియ్యరు, లోపట రేట్లు ఎక్కువ. మేమైతే సర్వపిండి కట్టుకొని పోయి గేటు బయటనే కూసొని తినేసి లోపటికి పోతం, ఇగ సాయంత్రం దాంక ఆకలి కాదు.

అమ్మానాయిన బొమ్మల పుస్తకాల కోసం అంత దూరం ఎందుకు అంటున్నరు. ఏం చెప్పాలె?

అబద్ధం చెప్పి రాకుండ్రి, ఫస్ట్ అది. వీలైతే వాళ్లను కూడా తీసుకరాండ్రి, ఒకసారి మా నాయిన వచ్చి అమర్ చిత్ర కథ స్టాల్ కాడ గంటసేపు కదల్లేదు. చదువు, కొలువు గురించి అడిగితే చెప్పుండ్రి, ఛోటా భీమ్ తయారైంది మన హైదరాబాద్లనే, గ్రీన్ గోల్డ్ యానిమేషన్ల, 2008ల టీవీల వచ్చింది. మాసబ్ ట్యాంక్ కాడ జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, దాంట్ల యానిమేషన్‌ల బీఎఫ్ఏ చదువొచ్చు. బొమ్మలు గీసుడు తిండి పెడ్తదా అన్న ప్రశ్నకు ఆడ టేబుల్ వెనక కూసున్నోళ్లనే వాళ్లను అడగనియ్యండ్రి, నిజమే చెప్తరు, కష్టం కూడా చెప్తరు.

కొన్న పుస్తకాలు ఇంటిదాంక ఖరాబు కాకుండ?

ఏ4 సైజు ప్లాస్టిక్ ఫోల్డర్, లోపట ఒక అట్ట. అమెరికా సైజు కామిక్ దాంట్ల మంచిగ పడ్తది. పోస్టర్లకు పైపు లాంటి డబ్బా ఉంటే సరే, లేకుంటే చార్టులు చుట్టి ఇచ్చే అట్ట గొట్టం స్టేషనరీ షాపుల అడుగుండ్రి. రబ్బరు బ్యాండ్ మాత్రం వెయ్యొద్దు, గీతలు పడ్తయ్.

నేను కూడా బొమ్మలు గీస్త. తీసుకపోయి చూపించొచ్చా?

చూపించాలె. దీనికి కూడా శుక్రవారమే మంచిది, మధ్యాహ్నం లోపు.

మా అక్క కొడుకు పదమూడేండ్లోడు, రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ నిండ బాల్ పెన్నుతోని కథ గీసిండు, కాకతీయ తోరణం కింద నుంచి పోతే వేరే కాలానికి పోయే పిల్లోని కథ. చూపియ్యనీకె సిగ్గుపడి నా వెనక దాక్కున్నడు. ఆ టేబుల్ కాడ కూసున్న ఆర్టిస్టు బుక్ తీసుకొని మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాంక తిప్పిండు, ఒక్కటి కూడా దాటెయ్యలేదు. తర్వాత మధ్యల ఒక పేజీ కాడ ఆగి, ఈడ ముందుగాల ఎవరు మాట్లాడుతున్నరు అని అడిగిండు. ముసలవ్వ అన్నడు మావోడు. మరి అవ్వను కుడి దిక్కు ఎందుకు నిలబెట్టినవ్, మనం ఎడమ నుంచి కదా చదివేది, అవ్వ మాట ముందు రావాలంటే అవ్వను ఎడమకు తేవాలె అన్నడు. ఇంకోటి చెప్పిండు, మాటల బుడగలు ముందుగాల పెన్సిల్‌తోని పెట్టుకో, జాగ మిగిలిన కాడ ముఖాలు గీయ్, నువ్వు ముఖాలు గీసినంక మాటలు ఇరికిస్తున్నవ్, అందుకే అక్షరాలు చీమలంత అయినయ్ అని. పది నిమిషాలు పట్టింది మొత్తం, వెనక ఇద్దరే నిలబడి ఉన్నరు, వాళ్లు కూడా ఇంటున్నరు.

కాబట్టి మంచిగ వచ్చిన బొమ్మలు విడివిడిగ కాదు, పూర్తి కథ ఒకటి తీసుకపోండ్రి, నాలుగు పేజీలైనా సరే. పేరు, క్లాసు రాసి పెట్టండ్రి. ముందు వాళ్ల పుస్తకం చూడండ్రి, తర్వాత మీది చూపించుండ్రి, వేరేటోళ్లు కొననీకె వస్తే పక్కకు జరుగుండ్రి.

రాత్రి ఉప్పల్ల బస్సు ఎక్కినంక మావోడు అన్నం కూడా తినలేదు. భువనగిరి దాటినంక లైట్లు బంద్ చేస్తే నా ఫోన్ టార్చ్ పట్టమన్నడు, జనగామ బస్టాండ్ వచ్చేసరికి అవ్వ ఎడమ దిక్కు వచ్చింది.